గంజాయి తగ్గించుకోవాలనుకునే వాళ్ళతో ఆ ఇరవై నిమిషాలు ఎలా మాట్లాడాలి

నేను ఈ పనిలోకి కొత్తగా వచ్చిన రోజుల్లో ఒకబ్బాయి వచ్చాడు, ఇరవై రెండు ఇరవై మూడేళ్ళు ఉంటాయి, రోజూ గంజాయి తాగుతాడు, వాళ్ళక్క పోరు పడలేక వచ్చాడు. నేను ముప్పావుగంట మాట్లాడాను. ఊపిరితిత్తులు, మెదడు, జ్ఞాపకశక్తి, కెరీర్, అమ్మానాన్నల కష్టం, ఏదీ వదల్లేదు. అతను ప్రతిదానికీ "అవును మేడమ్, నిజమే మేడమ్" అని తలూపి, చివర్లో దండం పెట్టి మరీ వెళ్ళాడు, మళ్ళీ కనపడితే ఒట్టు. ఆ రోజు నేను మాత్రం సెషన్ అదిరిపోయింది అనుకుంటూ ఇంటికెళ్ళా. వారం తర్వాత నోట్స్ తీస్తే అందులో అతను చెప్పింది ఒక్క లైను లేదు, అసలు రోజుకి ఎన్నిసార్లు తాగుతాడో కూడా నేను అడగలేదు.

కాలేజీల్లో, హెల్త్ సెంటర్లలో, హెల్ప్‌లైన్లలో పనిచేస్తూ ఇలాంటి వాళ్ళు ఎదురైనప్పుడు ఏం మాట్లాడాలో తెలీక లెక్చర్ ఎత్తుకునే వాళ్ళ కోసం ఇది రాస్తున్నా. దీన్ని బ్రీఫ్ కౌన్సెలింగ్ అంటారు, ఒక్కసారి పావుగంట కావచ్చు, రెండు మూడు సార్లు కావచ్చు, మహా అయితే ఆరు. ఇంత కొంచెంతో ఏం ఒరుగుతుంది అనిపిస్తుంది కానీ, 2004లో అమెరికాలో మూడు చోట్ల 450 మంది పెద్దవాళ్ళతో చేసిన ఒక ట్రయల్ ఫలితాలు వచ్చాయి, కొందరికి రెండే సెషన్లు, కొందరికి తొమ్మిది, మిగతా వాళ్ళని నాలుగు నెలలు వెయిటింగ్‌లో పెట్టారు. తొమ్మిది సెషన్ల వాళ్ళే ఎక్కువ తగ్గించారు, అందులో డౌటు లేదు, కానీ రెండే సెషన్ల వాళ్ళు కూడా వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళ కంటే బాగా తగ్గించారు. అంటే ఆ రెండు సార్లలో ఏం మాట్లాడతాం అనేదే అసలు సంగతి.

ముందు కుర్చీలో కూర్చోనివ్వండి

మొదటి నిమిషంలోనే రెండు విషయాలు తేల్చేయండి. ఇక్కడ చెప్పింది ఎవరికి తెలుస్తుంది, ఎవరికి తెలీదు అన్నది ఒకటి, ప్రాణం మీదకొచ్చే విషయమైతే మాత్రం నేను దాచలేను అన్నది కూడా అప్పుడే చెప్పాలి, తర్వాత చెప్తే మోసం చేసినట్టుంటుంది. రెండోది, "మీకు ఇబ్బంది లేకపోతే మీ గంజాయి వాడకం గురించి కాసేపు మాట్లాడుకుందామా?" అని అడగడం. అడిగితే కాదనేవాళ్ళు చాలా తక్కువ, కానీ అడిగారన్న మర్యాద మాత్రం చివరిదాకా పనిచేస్తుంది. ఇంకో మాట, వయసులో చిన్నవాళ్ళైనా సరే "మీరు" అనే మొదలెట్టండి. "ఏంట్రా, ఎప్పట్నుంచి ఇది?" అన్న క్షణంలో మీరు వాళ్ళింట్లో ఇంకో బాబాయో పిన్నో అయిపోతారు, ఆ బాబాయిలతో ఎలా తప్పించుకోవాలో వాళ్ళకి బాగా తెలుసు.

తర్వాత ప్రశ్న చాలామందికి నచ్చదు, నా ట్రైనీలైతే మొహం చిట్లిస్తారు: "ఇందులో మీకు నచ్చేది ఏంటి?" గంజాయిని మెచ్చుకున్నట్టు కాదా అంటారు. కాదండీ, అతనికి అది ఏదో పని చేసిపెడుతోంది, నిద్రో, టెన్షనో, ఫ్రెండ్సో, బోరో, ఆ పని ఏంటో తెలీకుండా తగ్గించమంటే ఊతకర్ర ఎందుకు పట్టుకున్నాడో చూడకుండా లాగేసుకున్నట్టే. అదీ కాక ఎవరూ అడగని ప్రశ్న కాబట్టి నోరు విప్పుతారు, మంచి చెప్పేశాక చెడు వాళ్ళంతట వాళ్ళే మొదలెడతారు.

ఒక ముక్క చూడండి.

"రాత్రి పడుకునే ముందు ఒకటి కొడితేనే మేడమ్ నిద్ర పట్టేది."

"అది లేకపోతే తెల్లార్లూ దొర్లడమే అన్నమాట."

"అవును. కాకపోతే ఈ మధ్య కొట్టినా పట్టట్లేదు, రెండు కావాల్సొస్తోంది."

నేను చేసిందల్లా అతను చెప్పింది నా మాటల్లో తిరిగి చెప్పడం, చివర గొంతు పైకి లేపకుండా, అంటే ప్రశ్నలా కాకుండా. అదే నేను "గంజాయి వల్లే నిద్ర పాడవుతుంది తెలుసా?" అన్నాననుకోండి, "లేదు మేడమ్, దానివల్లే పడుతోంది" అని వాదనకి దిగుతాడు, వాదించిన కొద్దీ తన వాదన తనకే నిజమనిపిస్తుంది. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అని వినుంటారు, విలియం మిల్లర్ 1983లో మద్యం సమస్య ఉన్నవాళ్ళ గురించి రాసిన పేపర్‌తో మొదలై తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి పెంచిన పద్ధతి, దాని గుట్టంతా ఇదే, మార్పు గురించిన మాటలు మీ నోట్లోంచి కాదు, ఎదుటివాళ్ళ నోట్లోంచి రావాలి. ఎవరైనా తప్పు దారిలో కనిపిస్తే వెంటనే సరిదిద్దేయాలన్న దురద మనకి ఉంటుంది, ఆ దురదని ఆపుకోవడమే ఈ పనిలో సగం కష్టం, నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఎంత, ఎప్పుడు, ఎవరితో

"రోజుకి ఎంత?" అంటే "రెండు మూడు" అంటారు. రెండు మూడు ఏంటి? ఒకరి జాయింట్ ఇంకొకరి దానికి మూడింతలుంటుంది, ఒకరు ఒక్కరే తాగుతారు, ఇంకొకరు నలుగురితో పంచుకుంటారు, ఇంకొకరు వేప్, ఇంకొకరు తినేది. నేను డ్రాయర్లో ఒక డబ్బాలో ఎండు ఆకుల పొడి పెట్టుకున్నా, మామూలు ఆకులే, కాగితం మీద పోసి "ఒక్కదాంట్లో ఎంత వేస్తారో చూపించండి" అంటా. వేలితో పక్కకి తీస్తుంటే వాళ్ళే "అమ్మో, ఇంతా?" అనుకున్న సందర్భాలున్నాయి. తర్వాత క్యాలెండర్ తెరిచి పోయిన వారం నుంచి వెనక్కి వెళ్తాం, ఆదివారం ఎక్కడున్నారు, ఎన్నింటికి మొదటిది, పక్కన ఎవరు, అంతకు ముందు ఏం జరిగింది. తాగని రోజు ఏదైనా ఉంటే అక్కడ ఆగండి, "ఆ రోజు ఎలా కుదిరింది?" అని అడగండి, వాళ్ళకి పనికొచ్చే ఉపాయం అక్కడే దొరుకుతుంది, దాన్ని కనిపెట్టింది కూడా వాళ్ళే.

ప్రశ్నపత్రాలు కూడా ఉన్నాయి, టైముంటే వాడండి. గంజాయి వాడకం గురించే అడిగే క్యూడిట్-ఆర్ అని 8 ప్రశ్నలు, గత ఆరు నెలల గురించి, మొత్తం 32కి స్కోరు, 8 నుంచి పైకి వస్తే ప్రమాదకరమైన వాడకం అని, 12 నుంచి పైకి వస్తే ఇంకా లోతుగా చూడాలి అని లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన అసిస్ట్ అనే ప్రశ్నపత్రంలో గంజాయికి 4 నుంచి 26 మధ్య వస్తే మన బ్రీఫ్ కౌన్సెలింగ్ సరిపోయే కేసు, 27 నుంచి పైకి వస్తే స్పెషలిస్టు దగ్గరికి పంపే కేసు. స్కోరు చెప్పేటప్పుడు తీర్పులా చదవకండి, కాగితం వాళ్ళ వైపు తిప్పి "ఇది చూస్తే మీకేమనిపిస్తోంది?" అని ఊరుకోండి. ఆ తర్వాత వచ్చే మౌనం మీకు ఒక యుగంలా ఉంటుంది, భరించండి.

సమాచారం ఇవ్వాలంటే

అసలు ఏమీ చెప్పకూడదా అంటే చెప్పాలి, కాకపోతే ముందు వాళ్ళకి ఏం తెలుసో అడిగి, చెప్పమంటారా అని అడిగి, చిన్న ముక్క చెప్పి, మళ్ళీ వాళ్ళనే అడగాలి. "గంజాయికి ఎవరూ బానిసలవ్వరు మేడమ్, అది మొక్క" అనేవాళ్ళు కనీసం వారానికి ఒకరుంటారు. అప్పుడు నేను, "అందరూ అవ్వరు, అది నిజమే. నాకు తెలిసింది ఒకటి చెప్పనా? అమెరికాలో 1990ల్లో చేసిన ఒక పెద్ద సర్వేలో ఒక్కసారైనా వాడినవాళ్ళలో సుమారు 9 శాతం మంది అది లేకుండా ఉండలేని స్థితికి వెళ్ళారు. మీరు ఆ తొమ్మిదిలో ఉన్నారో మిగతా తొంభై ఒకటిలో ఉన్నారో నాకు తెలీదు, మీకేమనిపిస్తుంది?" అంటా. అంతే, ఇంకేం కలపను. ఇరవై ఏళ్ళుగా వాడుతున్నా నాకేం కాలేదు అనే పెద్దవాళ్ళకి ఇంకోటి, అమెరికాలోనే పోలీసులు పట్టుకున్న సరుకుని ల్యాబ్‌లో చూస్తే 1995లో టీహెచ్‌సీ, అంటే గంజాయిలో మత్తెక్కించే పదార్థం, సుమారు 4 శాతం ఉండేది, 2014 వచ్చేసరికి సుమారు 12 శాతం అయింది, కాబట్టి అప్పటి ఒకటి ఇప్పటి ఒకటి ఒకటే కాదు. భయపెట్టే వాటి కంటే ఆశ పుట్టించే సమాచారం బాగా పనిచేస్తుందని నా అనుభవం. మెదడులో టీహెచ్‌సీ అంటుకునే రిసెప్టర్లు రోజూ వాడేవాళ్ళలో తగ్గిపోతాయి, మానేస్తే రెండు రోజుల్లోనే కోలుకోవడం మొదలై దాదాపు నాలుగు వారాలకి మామూలు స్థాయికి వస్తాయని స్కానింగ్‌లలో చూశారు, ఇది చెప్పినప్పుడు కళ్ళు ఎలా మారతాయో గమనించండి.

సున్నా నుంచి పది

నీ దగ్గర ఒక్క టూలే మిగులుస్తాం, ఏది కావాలి అంటే నేను దీన్నే అడుగుతా. "తగ్గించడం మీకు ఎంత ముఖ్యం, సున్నా నుంచి పదిలో?" ఒకాయన, ముప్పై దాటినాయన, "నాలుగు" అన్నాడు. కొత్తవాళ్ళు ఇక్కడ "ఏడో ఎనిమిదో ఎందుకు కాదు?" అని అడిగేస్తారు, అడిగితే ఆయన తగ్గించకపోవడానికి కారణాలన్నీ లిస్టు చదువుతాడు, మీరే చదివించినట్టు. నేను కిందికి అడిగా, "నాలుగా, ఒకటో రెండో ఎందుకు కాలేదు మరి?" కాసేపు టేబుల్ అంచు గోకుతూ కూర్చున్నాడు. తర్వాత, "మా పాపని ఎత్తుకోబోతే మొహం తిప్పేసుకుంది మేడమ్, చొక్కా వాసనకి. దానికి రెండేళ్ళు, దానికేం తెలుసు, ఎవరూ నేర్పలేదు కదా" అన్నాడు. నేను వంద సెషన్లలో కష్టపడినా అలాంటి కారణం కనిపెట్టలేను.

ముఖ్యం అయ్యాక నమ్మకం అడగండి, "తగ్గించాలనుకుంటే చేయగలనని ఎంత నమ్మకం?" ముఖ్యం ఎనిమిది, నమ్మకం రెండు వస్తే ఇక కారణాల గురించి మాట్లాడి లాభం లేదు, ఆ మనిషికి ఎలా చేయాలో కావాలి. ముఖ్యమే రెండు అన్నప్పుడు ప్లాన్ కాగితం తీయడం దండగ, "సరే, ఎప్పుడైనా మాట్లాడాలనిపిస్తే నేనున్నా" అని తలుపు తెరిచి ఉంచండి చాలు.

ప్లాన్ వేసేటప్పుడు

పూర్తిగా మానాలా, తగ్గించాలా అనేది వాళ్ళ నిర్ణయం. మానితే మంచిది అని మీకు అనిపిస్తే అడిగి ఒక్కసారి చెప్పండి, తర్వాత వాళ్ళు ఎంచుకున్నదాంతో పనిచేయండి. తగ్గించడానికి దారులు చాలానే ఉన్నాయి, ఎదురుగా పెట్టి వాళ్ళనే ఎంచుకోమనాలి: పొద్దున్న లేవగానే కొట్టేది మధ్యాహ్నానికి, తర్వాత సాయంత్రానికి జరపడం, వారంలో రెండు రోజులు ఖాళీ పెట్టడం, ఇంట్లో స్టాక్ ఉంచకపోవడం, ఒకేసారి తక్కువ కొనడం, డ్రైవింగ్ ఉన్న రోజు, పని ఉన్న రోజు ముట్టకపోవడం. నేనైతే మొదట్లో ఎంత తాగారనే దానికంటే ఎన్ని రోజులు తాగలేదు అనే లెక్కే ఇష్టపడతా, ఎందుకంటే సైజు తగ్గించామంటారు కానీ దమ్ము గట్టిగా లాగుతారు, లేదా ఘాటు సరుకుకి మారతారు, లెక్క అక్కడికక్కడే. ఇంకోటి, పొగ మానేసి తినే వాటికి మారతా అనేవాళ్ళకి ఒక జాగ్రత్త చెప్పాలి, తిన్నది ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది, ఎక్కలేదని ఇంకోటి తినేసి కంగారుతో హాస్పిటల్‌కి వెళ్ళినవాళ్ళున్నారు.

"ట్రై చేస్తా మేడమ్" అనేది ప్లాన్ కాదు. ఏ రోజు, ఎన్నింటికి, బదులుగా ఏం చేస్తారు, ఫ్రెండ్ ఫోన్ చేస్తే ఏమంటారు, ఆ మాట ఇక్కడే గట్టిగా అనిపించండి. ఒకమ్మాయి "రాను అంటే ఎందుకు రావు అని పట్టుకుంటారు" అంది, పది రకాలుగా అని చూశాం, చివరికి తనకి కుదిరింది "ఇవాళ కాదు" అన్న రెండు ముక్కలే, కారణం చెప్పకుండా. కారణం చెప్తే దాన్ని కొట్టిపారేయడం ఫ్రెండ్స్‌కి చాలా సులువు అని తనే కనిపెట్టింది.

కోరిక లేచినప్పుడు ఏం చేయాలో కూడా మాట్లాడాలి. అది అలలాంటిది, లేస్తుంది, పైకెళ్తుంది, తగ్గుతుంది, చాలాసార్లు అరగంట లోపే. దాంతో కుస్తీ పట్టకుండా ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో చూస్తూ కూర్చోమంటా, గొంతులోనా, చేతుల్లోనా. కూర్చోలేని వాళ్ళు లేచి నడవచ్చు, స్నానం చేయచ్చు, ఎవరికైనా ఫోన్ చేయచ్చు.

మొదటి రెండు వారాల గురించి ముందే చెప్పకపోతే మీ పని సగం పోయినట్టే

రోజూ వాడేవాళ్ళు ఒక్కసారిగా ఆపినా బాగా తగ్గించినా ఒకటి నుంచి మూడు రోజుల్లో చిరాకు, కంగారు, ఆకలి లేకపోవడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి, మొదటి వారంలోనే పీక్‌కి వెళ్తాయి, రెండు వారాలకి చాలావరకు సర్దుకుంటాయి. నిద్ర ఒక్కటీ మొండిది, నెల దాకా లాగుతుంది, పైగా కలలు, నిన్న మొన్న జరిగినంత స్పష్టంగా. ఇది తెలీని మనిషి నాలుగో రోజు ఇంట్లో అందరి మీదా అరిచేసి "చూశారా, అది లేకపోతే నేను ఇంతే, నాకు గంజాయే మందు" అని తేల్చేసుకుంటాడు. తెలిసిన మనిషి "ఆ, నాలుగో రోజు కదా" అనుకుంటాడు. తేడా అంతే, కానీ అంతే చాలు. ఇంట్లోవాళ్ళకి కూడా ముందే చెప్పుకోమనండి, ఆ వారం పెద్ద గొడవలు పెట్టుకోవద్దని. దీనికోసమే ప్రత్యేకంగా ఆమోదించిన మందు అంటూ ఏదీ లేదు, నిద్రకి ఎవరి దగ్గరో తెచ్చుకున్న మాత్రలు వేసుకోవడం, మద్యం తాగి పడుకోవడం మాత్రం వద్దని చెప్పండి, ఒకటి పోయి ఇంకోటి పట్టుకుంటుంది.

పొగాకు కలిపి చుట్టుకునేవాళ్ళ విషయం వేరే, చాలామంది కౌన్సెలర్లు ఇది అడగనే అడగరు. గంజాయి తగ్గిస్తే పొగాకు కూడా తగ్గుతుంది, అప్పుడొచ్చే పీకుడులో కొంత నికోటిన్‌ది, దాన్ని తీర్చుకోడానికి సిగరెట్లు పెరగొచ్చు. నికోటిన్ ప్యాచ్ లాంటిది పనికొస్తుందేమో డాక్టర్‌ని అడగమనండి.

యూరిన్ టెస్ట్ కిట్ల గురించి ఒక మాట. ఒక తండ్రి కిట్ కొనుక్కొచ్చి, మూడు వారాలుగా ముట్టని కొడుకుకి పరీక్ష చేసి, పాజిటివ్ వచ్చేసరికి చెంప పగలగొట్టాడు. టీహెచ్‌సీ ఒంట్లో కొవ్వులో దాక్కుంటుంది, ఎక్కువకాలం రోజూ వాడినవాళ్ళలో ఆపేసిన కొన్ని వారాల దాకా బయటపడుతూనే ఉంటుంది. ఆ పిల్లాడు "ఎలాగూ నమ్మరు కదా" అని ఆ సాయంత్రమే మళ్ళీ మొదలెట్టాడు.

జారినప్పుడు

జారతారు, దాదాపు అందరూ. జారడం కంటే దాని తర్వాత వచ్చే ఆలోచన ప్రమాదం, నిండా మునిగినవాడికి చలేమిటి అని ఒకటి కాస్తా ఆ వారమంతా అయిపోతుంది. అందుకే మొదటి సెషన్‌లోనే అడిగి పెట్టుకోవాలి, "ఒకవేళ ఒకరోజు కొట్టేశారనుకోండి, మర్నాడు పొద్దున్న ఏం చేస్తారు?" ఆ జవాబు వాళ్ళ ఫోన్లోనే రాయించండి. అలాగే కొన్నాళ్ళు ఆపాక పాత మోతాదే తీసుకుంటే గుండె దడ, భయం గట్టిగా పట్టుకోవచ్చు, ఒళ్ళు అలవాటు తప్పి ఉంటుంది కదా, అదీ చెప్పండి.

మన చేతిలో లేనివి కూడా ఉన్నాయి. ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారనడం, చచ్చిపోవాలనిపిస్తోంది అనడం, ఇవి వింటే అదే రోజు డాక్టర్ దగ్గరికి. మాటిమాటికీ వాంతులై వేడినీళ్ళ స్నానం చేస్తే తప్ప తగ్గట్లేదు అన్నా అంతే, అది ఎక్కువకాలం గంజాయి వాడినవాళ్ళలో వచ్చే జబ్బు కావచ్చు. గర్భంతో ఉన్నవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా సైకోసిస్ (లేనివి వినిపించడం, కనిపించడం, లేనిపోని అనుమానాలు లాంటి మానసిక జబ్బు) ఉన్నవాళ్ళు, పక్కన రోజూ మద్యమో నిద్రమాత్రలో వాడేవాళ్ళు కూడా మనం ఒంటరిగా చూసే కేసులు కాదు, మద్యం, నిద్రమాత్రలు ఒక్కసారిగా ఆపడమే ప్రాణం మీదకి తెస్తుంది.

మళ్ళీ ఎప్పుడు

వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ వాళ్ళు 2016లో 23 ట్రయల్స్, మొత్తం 4045 మంది లెక్కలు కలిపి చూస్తే ఇలా మోటివేషన్ మాటలు, అలవాటు మార్చే నైపుణ్యాలు రెండూ కలిపినవే ఎక్కువ నిలకడగా పనిచేశాయి, కాకపోతే తొమ్మిది నెలలు దాటాక చూస్తే ఆ ఫలితం చాలావరకు కరిగిపోతోంది. అందుకే లేచేముందు చివరి రెండు నిమిషాలు నావి కావు, వాళ్ళవి: వాళ్ళు అన్న మాటల్నే కలిపి ఒకసారి చెప్పి, "నేనేమైనా వదిలేశానా?" అని అడిగి, తర్వాతి ఫోన్ ఏ రోజు ఎన్నింటికో రాసుకుని పంపిస్తా.

చొక్కా వాసన ఆయనకి మూడు వారాలకి ఫోన్ చేశా. "ఏం లాభం లేదు మేడమ్, వారానికి నాలుగు రోజులు ఖాళీ అనుకున్నా, పోయిన వారం రెండే కుదిరాయి" అన్నాడు నీరసంగా.

"ఆ రెండు రోజులు ఎలా చేశారు?" అన్నా.

అటువైపు కాసేపు మాట లేదు, తర్వాత చెప్పడం మొదలెట్టాడు.